తలుపు తీసినప్పుడల్లా చలి

తీయకూడదు. ఒక్క గంటసేపు ఈ బల్ల మీద కూర్చుని, వెనకున్న తలుపుకి వీపు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉండాలి, అంతే. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో సినిక్కాకి ఇంత తేలికైన పని ఎప్పుడూ పడలేదు, ఇంతగా ప్రాణం తోడేసే పనీ పడలేదు. ఎవరైనా చెప్పారా అంటే అదీ లేదు, తనే నెత్తిన వేసుకుంది. తలుపు అవతల చిన్న గది. గదిలో ఇంక్యుబేటర్. అందులో కింది అర మీద ఒకే ఒక గిన్నె, గిన్నెలో నారింజరంగు నీళ్ళ అడుగున తపాలా బిళ్ళంత పొర. రైమో అనే రోగి కుడికంటి నల్లగుడ్డు అంచునుంచి నువ్వుగింజంత ముక్క గిల్లి తెచ్చి, దానికి తిండి పెట్టి, వెచ్చగా ఉంచి, ఇన్నాళ్ళు కాపుకాసి ఇంత పొరగా పెంచారు. ఇవాళ దాన్ని అతని ఎడమకంటికి అతకాలి. నిన్న సాయంత్రం చూసినప్పుడు ఆ పొర నడిమధ్యన ఆవగింజంత చిల్లు ఉంది. ఈపాటికి కణాలు అంచులనుంచి పాకి పాకి ఆ చిల్లు పూడ్చి ఉండొచ్చు, పూడ్చకపోయీ ఉండొచ్చు. తెలియాలంటే గిన్నె తీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. గిన్నె తీయాలంటే పెట్టె తలుపు తీయాలి. తలుపు తీస్తే చల్లగాలి లోపలికి, గ్యాసు బయటికి, నారింజరంగు నీళ్ళు గులాబీకి తిరుగుతాయి, పాకుతున్న కణాలు పాకడం మానేసి వెనక్కి ముడుచుకుంటాయి. అందుకని పైనుంచి పిలుపొచ్చేదాకా తీయకూడదు. చిల్లుతో ఇచ్చారా, ఆ చిల్లులోంచే తెల్లగుడ్డు చర్మం మళ్ళీ పాకుతుంది, నెత్తురునాళాలు పాకుతాయి, పొర మొత్తం పోతుంది. ఇంకో ముక్క తీద్దామంటే కుడికంటికీ నీటికాసులు పట్టాయి, దాన్ని ఇంక ముట్టుకోనని సర్జన్ యూర్కి ఖరాఖండిగా చెప్పేశాడు. రేపటిదాకా ఆగుదామంటే పొర ముదిరిపోతుంది. ఉన్నది ఇదొక్కటే, ఇవాళొక్కటే.

ఈ బల్లని కూర్చోవడానికి పెట్టలేదు, దాటడానికి పెట్టారు. ఇటువైపు వీధి బూట్లు, అటువైపు తెల్ల చెప్పులు. ఇక్కడ చతికిలబడి బూట్లు విప్పి, కాళ్ళు పైకెత్తి అటు తిప్పి, తెల్లవి తొడుక్కుని లోపలికి పోవాలి. ముప్పయ్యేళ్ళుగా రోజుకి ఎన్నిసార్లు దాటిందో, ఒక్కసారీ దీనిమీద తీరుబడిగా కూర్చోలేదు, కూర్చుంటే ఇంత గట్టిగా ఉంటుందని ఇవాళే తెలిసింది. నడుము లాగేస్తోంది. మోకాళ్ళు వాటి పాట అవి పాడుతున్నాయి. ల్యాబు నేలమాళిగలో ఉంది, బయటి నేలకి సమంగా పైన ఒక చిన్న కిటికీ ఉంది, పేరుకున్న మంచు మీదుగా వచ్చే మార్చి ఎండ ఆ కిటికీలోంచి దిగి గచ్చు మీద పలకంత పడింది, బూట్ల అరకి కాస్త ఇవతలగా. ఆ పలక అర దాటి గోడ ఎక్కేసరికి గంట అయిపోతుందనుకుంది. గడియారం చూడకూడదని కూడా ఒట్టు పెట్టుకుంది, ఎందుకంటే గడియారం చూడ్డం మొదలుపెడితే ఆ తర్వాత తలుపు వైపు చూస్తుంది, ఆ తర్వాత చేయి పిడి మీదికి పోతుంది, తన సంగతి తనకి తెలీదా ఏమిటి. నిద్ర చాలలేదు. నిద్ర చాలకపోవడం కూడా కాదు, భర్త ఎస్కో పోయినప్పటినుంచీ నిద్ర వస్తుంది పోతుంది, వచ్చిన గుర్తు ఉండదు. ఇవాళ తెల్లారకముందే పార గచ్చుకి తగిలిన చప్పుడుకి మెలకువ వచ్చింది. పక్కింటి వాల్తో. ముందు తన వాకిట్లో మంచు ఎత్తి పోస్తాడు, ఆ తర్వాత ఈమె వాకిట్లోది. పోయిన శరత్కాలంలో ఎస్కోని తీసుకెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే వరస, ఒక్కమాట అడిగింది లేదు, చెప్పింది లేదు. ఒకసారి దారి కాచి నిలబడి, "ఎందుకు వాల్తో, నీకీ శ్రమ?" అంటే, "మంచు ఉంది, పార ఉంది" అని టోపీ చెవులమీదికి లాక్కుని పోయాడు. ఎలా ఉన్నావని ఇప్పటిదాకా అడగలేదు మహానుభావుడు. ఆస్పత్రిలో అందరూ అడుగుతారు, తల పక్కకి వాల్చి, గొంతు తగ్గించి. అడిగిన ప్రతిసారీ లోపల ఏదో కాస్త కాస్త అతుక్కుంటున్నది మళ్ళీ ఊడి వస్తుంది. బాగానే ఉన్నాను, అంటుంది. ఉండకేం చేస్తాను, అంటుంది. ఆ మాటతో వాళ్ళు వెళ్ళిపోతారు, ఈమె మరుగుదొడ్డిలోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడుతుంది.

కణాలకీ అంతే. వయసులో ఉన్నప్పుడు ఆమె అనుకునేది, మంచి ముక్క తెస్తే మంచి పొర వస్తుంది, చెడ్డ ముక్క తెస్తే రాదు, అంతా పుట్టుకలోనే ఉందని. పెరగకపోతే చవట కణాలు అని తిట్టి పారబోసేది. ఎన్ని పారబోసిందో. తర్వాత తర్వాత తెలిసింది, ఒకే కంటినుంచి ఒకే రోజు తెచ్చిన ముక్కని రెండుగా చేసి, ఒకదాన్ని గట్టి ప్లాస్టిక్ మీద వేస్తే కణాలు సాగిపోయి, పరుచుకుపోయి, చూస్తూండగానే ముసలివై చేతులెత్తేస్తాయి, రెండోదాన్ని మెత్తటి పొర మీద వేస్తే చిన్నగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని పసివాటిలాగే ఉండిపోతాయి. అదే ముక్క. అదే మనిషి. పడుకున్న చోటు వేరు. ఆ మెత్తటి పొర ఎవరో తల్లి ఇచ్చింది, పేరు కూడా తెలీదు, ఆపరేషన్ చేసి బిడ్డని తీశాక మాయతోపాటు వచ్చిన ఉమ్మనీటి సంచిని, తీసుకుపోండి, నాకెందుకు, అని ఇచ్చి బిడ్డనెత్తుకుని ఇంటికి పోయింది. ఆ బిడ్డ ఈపాటికి పాకుతూ ఉంటుంది, తను కడుపులో ఆనుకుని పడుకున్న గోడ మీద ఒక పాడిరైతు కన్ను పెరుగుతోందని దానికేం తెలుసు. ఇక గిన్నె అడుగున ఎలుక కణాలు. వాటిని పెరగకుండా ముందే మందు పెట్టి ఆపేస్తారు. రెండవవు, నాలుగవవు, ఎక్కడికీ పోవు, బతికినన్నాళ్ళు అలా పడుండి నీళ్ళలోకి ఏవేవో వదులుతుంటాయి. ఏం వదులుతాయని విద్యార్థులు అడిగితే ఈమె పది పేర్లు చెప్పగలదు, ఆ పదీ కొనుక్కొచ్చి గిన్నెలో పోస్తే మాత్రం కంటికణాలు మొహం తిప్పుకుంటాయి, ఆ దిక్కుమాలిన ఎలుక కణాలే కావాలి వాటికి. వాల్తో గుర్తొచ్చాడు మళ్ళీ. పార, మంచు. ఒంటరిగా ఉన్నా నవ్వొచ్చింది.

రైమోకి ఇదంతా చెప్పబోతే అతను మధ్యలోనే ఆపి, "అయితే నా కంట్లో ఎలుక ఉంటుందన్నమాట" అన్నాడు. ఉండదు రైమో, గిన్నెలోనే ఉంటాయి, పొరతో రావు. "వస్తే మాత్రం ఏం, కొట్టంలో పిల్లి ఉందిగా." అతనిదీ సావో ప్రాంతమే, ఈమెదీ సావోయే, ఒకే సరస్సుకి అటు ఒడ్డూ ఇటు ఒడ్డూ. సావో వాళ్ళమీద ఫిన్లాండు అంతటా జోకులే, అవునని చెప్పరు కాదని చెప్పరు అని. నిజమే, చెప్పరు. రైమో ఎడమకన్ను పోయింది సున్నంతో. కొట్టం గోడలకి వెల్ల వేస్తూ బక్కెట్టులో సున్నం కలుపుతుంటే అది చిమ్మి పడింది. కడుక్కోవాల్సింది వెంటనే, పరిగెత్తుకెళ్ళి కుళాయి కింద తల పెట్టాల్సింది. అప్పుడే మన్సిక్కి అనే ఆవు తాడు తెంపుకుందిట, ముందు దాన్ని కట్టేసి తర్వాత కడుక్కున్నాడు. అంతలోనే సున్నం తన పని చేసుకుపోయింది, నల్లగుడ్డు అంచు మొత్తం కాలిపోయింది. ఆ అంచులోనే కదా కంటికి ముందుతోలు పుట్టించే కణాలుండేవి, అవి పోతే నల్లగుడ్డుకి దిక్కులేదు. ఇప్పుడు ఆ కన్ను తెరిస్తే పాలు విరిగినట్టు ఉంటుంది. ముక్క తీసేముందు యూర్కి అన్నీ వివరించి, మంచి కంటినుంచి తీస్తున్నాం, దానికీ ప్రమాదం ఉంది, అయినా ఒప్పుకుంటున్నావా అని అడిగాడు. రైమో గోడకేసి చూస్తూ అన్నాడు, "ఒప్పుకోనని నేను అన్లేదు కదా." అంటే ఒప్పుకుంటున్నట్టేనా? "తీస్తే తీస్తారు, తియ్యకపోతే తియ్యరు. కత్తి నీ చేతిలో ఉంది." యూర్కి రాజధాని మనిషి, చెమట్లు పట్టాయి పాపం, ఈమె వైపు చూశాడు. "ఒప్పుకున్నాడు" అని ఈమె చెప్పింది. బయటికొచ్చాక వరండాలో రైమో ఆమె పక్కన నిలబడి, ఆమె వైపు చూడకుండా అన్నాడు, "కుడికన్ను కూడా పక్కలనుంచి మసకేస్తోంది. కొట్టంలోకెళ్తే ఎవరు ఎవరో పొదుగు పట్టుకుంటేగానీ తెలీడం లేదు. మన్సిక్కిని పట్టుకుని ఇంకోదాని పేరు పెట్టి పిలిచాను మొన్న." ఒక ఊపిరి తీసుకుని, "అది బాధపడింది" అన్నాడు. సావో భాషలో అది చాలా ఎక్కువ మాట, ఏడ్చినంత మాట.

ఆ మాట ఆమె చెవిలో అలా ఉండిపోయింది, అందుకే కదా ఇంత జరిగింది. రోజుకొకసారి చూడాలన్నది పద్ధతి. పొద్దున గిన్నె తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక ఫొటో తీసి, మళ్ళీ లోపల పెట్టేయాలి. పొర అంచులు బాగానే కలుస్తున్నాయి, నడిమధ్యన మాత్రం కలవడం లేదు. పొద్దున చూసింది, కలవలేదు. మనసు ఊరుకోక మధ్యాహ్నం కూడా చూసింది. ఒక్కసారికేం, గబగబా చూసి పెట్టేస్తే ఏమవుతుందని సాయంత్రం బస్సెక్కబోయి వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. ఎవరికీ చెప్పలేదు. చిల్లు తగ్గదే. తిండి మార్చారు, కొత్త సీసా సీరం తెచ్చారు, ఆవగింజ ఆవగింజలాగే ఉంది, ఒకరోజైతే కాస్త పెద్దదైంది కూడా. ఆమెకి అన్నం సయించలేదు, అసలు ఈ ఏడాది ఏం సయించిందని. చివరికి గ్యాసు పట్టించింది. ఇంక్యుబేటర్‌కి గ్యాసు సిలిండరు పెడితే నెల దాటి వస్తుంది, ఈసారి సగంలోనే అయిపోయింది. పిర్యో సిలిండరు మార్చడానికి వచ్చింది. ఈ ల్యాబులో ఇద్దరే, ఈమె, పిర్యో. పిర్యోది తూర్పున కరేలియా ప్రాంతం, దాని నోరు ఊరుకోదు. రెంచి చేత్తో పట్టుకుని నడుంమీద చేయి పెట్టి, "ఏమర్రా, ఈ గ్యాసుని ఎవరైనా తాగుతున్నారా?" అంది. లీకుందేమో అని సినిక్కా సబ్బునురుగు రాసి గొట్టమంతా వెతికింది, వెతుకుతూనే తెలుసు లీకు తనేనని. తలుపు తీసిన ప్రతిసారీ గ్యాసు పోతుంది, మళ్ళీ నింపుకుంటుంది, అంతే. కానీ తను ఒక్కతీ తీస్తే ఇంత పోదు. తల ఎత్తి చూస్తే పిర్యో చెవులు ఎర్రగా ఉన్నాయి. "నేనొక్కసారి... భోజనానికి ముందు... రోజూ" అంది పిర్యో. అప్పుడే ఫొటోలు చూద్దామని కిందికి దిగిన యూర్కి తలుపు దగ్గర నిలబడి తన బూట్లు చూసుకుంటున్నాడు. "నువ్వూనా?" అని పిర్యో రెంచి ఎత్తింది. "నా దగ్గరా తాళం ఉంది కదా" అన్నాడు యూర్కి, అంత పెద్ద సర్జను, చెంపలేసుకున్న పిల్లాడిలాగా. రైమో పొరని ముగ్గురూ ఒకరికి తెలీకుండా ఒకరు రోజంతా చలిలోకి తీసి తీసి చూశారు. పెరగమంటే అదెలా పెరుగుతుంది. ముగ్గురూ నవ్వారు ముందు, పిర్యో అయితే గోడ పట్టుకుని నవ్వింది, తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. నిన్న సాయంత్రం ఆఖరుసారి చూసి, ఇంక ఆపరేషన్ దాకా ఎవరం ముట్టుకోవద్దని ఒట్టేసుకున్నారు. యూర్కి తాళం పిర్యో లాక్కుంది. రైమోకి చెబితే అతను కోప్పడలేదు. "నేనూ అంతే" అన్నాడు. "ఆవు ఈనబోతోందంటే ఆరుమాట్లు పోయి తొంగిచూస్తాను. చూసినప్పుడల్లా అది నొప్పులు ఆపేసి నా మొహంకేసి చూస్తుంది. కెమెరా పెట్టించాను. ఇప్పుడు ఫోనులో చూసి మళ్ళీ కొట్టంలోకి పోతున్నాను."

పలక ఇంకా బూట్ల అర దగ్గరే ఉంది. కదల్లేదా ఏమిటి. కదిలే ఉంటుంది, చూస్తుంటే కదలదు. ఎవరో మెట్లు దిగుతున్నారు, ఆ తొందర యూర్కిది. తలుపు తోసి తల మాత్రం లోపల పెట్టాడు, ఆకుపచ్చ టోపీతో. "ఒక్కసారి, ఊరికే, పెట్టె అద్దంలోంచి..." "అద్దంలోంచి చిల్లు కనపడదు యూర్కి." "తెలుసు. ఊరికే గిన్నె చూద్దామని." "నన్ను దాటుకుని పో" అంది, కాళ్ళు ఇంకాస్త చాపి. అతను ఆమె కాళ్ళ వంక చూశాడు, ఆమె మొహం వంక చూశాడు. "పూడి ఉంటుందంటావా?" "పూడి ఉండొచ్చు." "లేకపోతే?" "లేకపోవచ్చు కూడా." అతను దేవుడా అన్నట్టు కళ్ళు పైకెత్తి వెళ్ళిపోయాడు. అలా కళ్ళెత్తే అలవాటు ఇంకొకరికి ఉండేది. ఎస్కోది పడమటి తీరం, అక్కడి వాళ్ళకి మాట ముక్కుసూటిగా పోవాలి, పోకపోతే కడుపునొప్పి. పడవలో తెడ్లు పైకి పెట్టి, నన్ను చేసుకుంటావా అని అడిగాడు. అడగడంలో తప్పేం లేదు, అంది ఈమె. అది అవునని, నోటినిండా అవునని, వాళ్ళమ్మయితే ఎగిరి గంతేసేది ఆ మాటకి. అతను వారం రోజులు తల పట్టుకుని తిరిగి, ఆఖరికి సావో వాడొకణ్ణి పట్టుకుని దానికి అర్థం చెప్పించుకుని వచ్చాడు. పెళ్ళయ్యాక కూడా, కాఫీ తాగుతావా అంటే, పెడితే వద్దననుగా అంటుంది, అతను కెటిల్ పట్టుకుని వంటింట్లో అరుస్తాడు, "అవునా, కాదా? ఒక్క మాట సినిక్కా, ఒక్క మాట! నీ నోట్లోంచి ఒక అవును రాలితే సరస్సు ఎండిపోతుందా?" ఆమెకి ఆ అరుపు ఇష్టం. దానికోసమే ఒక్కోసారి తిప్పేది మాటని. ఇంకా కొన్నేళ్ళు అరుస్తాడనుకుంది.

జబ్బు చేశాక అతను ఇంట్లోనే ఉంటానన్నాడు. వెనక గదిలో మంచం వేసింది. నడవా చలిగా ఉండేది, ఆ గది ఒక్కటే వెచ్చగా పెట్టింది, స్టవ్‌లో కట్టెలు ఎప్పుడూ ఆరనివ్వలేదు. వంటింట్లో ఉండేది, మనసు ఆగేది కాదు, పోయి తలుపు కొద్దిగా తీసి చూసేది ఊపిరి ఆడుతోందా అని. ఆడేది. తలుపు వేసేది. గిన్నెలు కడుగుతూ కడుగుతూ మళ్ళీ పోయేది, మళ్ళీ తీసేది. నిద్రపోతున్నాడనే అనుకునేది. ఒక మధ్యాహ్నం కళ్ళు మూసుకునే అన్నాడు, "తలుపు తీసినప్పుడల్లా చలి వస్తోంది." అయ్యో, అని మూసేయబోయింది. "వస్తే లోపలికి వచ్చి కూర్చో. లేకపోతే తలుపు వేసెయ్. మధ్యలో నిలబడి చూడకు." అప్పుడు వెళ్ళి కూర్చుంది. కూర్చున్నాక చూడాలనిపించలేదు, అదేమిటో. అల్లుకుంది, మేజోడు, దేనికో, ఎవరికో. కట్టెలు చిటపటలాడాయి. అతను ఆ పూట తిండి కూడా కాస్త తిన్నాడు. ఇంకో రోజు, అప్పటికి మొహం పసుపుపచ్చగా అయిపోయింది, కిటికీలోంచి బిర్చిచెట్లు ఆకు రాలుస్తుంటే చూసి, "మళ్ళీ చిగురేస్తే చూస్తానా?" అని అడిగాడు. ఆమెకి తెలుసు. డాక్టరు చెప్పాడు, ఆమె ఒంట్లో ప్రతి ఎముకకీ తెలుసు. "చూడొచ్చు" అంది. అతను ఆమె వైపు తల తిప్పాడు, ఆ కళ్ళు పైకెత్తబోయాడు, ఓపిక లేక సగంలో ఆపేశాడు. "ఇప్పుడు కూడానా, సినిక్కా" అని నవ్వాడు. ఆ నవ్వు. ఆ నవ్వుని ఆమె రోజూ తీసి చూసుకుంటుంది. బస్సులో తీస్తుంది, కాఫీ దగ్గర తీస్తుంది, పక్క మీద తీస్తుంది, ఏమి చెప్పి ఉండాల్సింది, కాదని చెప్పాల్సిందా, కాదు ఎస్కో, చూడవు, నేను చూస్తాను నీ బదులు, అనాల్సిందా. బీరువాలో అతని ఉన్ని చొక్కా ఉంది. దాన్ని కూడా అంతే, సాయంత్రం ఇంటికెళ్ళగానే బీరువా తెరిచి మొహం పెట్టుకుంటుంది, మొదట్లో ఎంత వాసన ఉండేది, పొగాకు, కట్టెపొగ, అతనిది. ఇప్పుడు ఉన్ని వాసన వస్తోంది, ఊరికే ఉన్ని.

కాళ్ళు చల్లబడ్డాయి. వెనక తలుపు అవతల ఇంక్యుబేటర్ పంకా సన్నగా రొద పెడుతోంది, చెక్కలోంచి వీపులోకి తెలుస్తోంది, లేక తెలుస్తోందనుకుంటోందో. లేచి నిలబడితే, చేయి వెనక్కి పెడితే, పిడి ఇక్కడే ఉంది, నాలుగు వేళ్ళ దూరం. పూడకపోతే ఇప్పుడే తెలిస్తే రైమోకి ముందుగా చెప్పొచ్చు కదా, ఆకలితో పడున్నాడు పైన, నిన్న రాత్రినుంచి మంచినీళ్ళు కూడా లేకుండా, అతనికి చెప్పడం ధర్మం కదా. ఓసి దొంగమొహమా. ధర్మమట. చూడాలని ఉందని చెప్పు. అవును, చూడాలని ఉంది. చచ్చేంత ఉంది. చూడకుండా ఉండడం ఎంత పెద్ద బరువో, మంచు బక్కెట్లు మోసినా ఇంత అలసట రాదు. కూర్చో. వస్తే వచ్చి కూర్చో, లేకపోతే తలుపు వెయ్. కూర్చున్నాను ఎస్కో. మధ్యలో లేను. అవి ఇప్పుడేం చేస్తున్నాయో. ఒక కణం ముందుకి ఒక పాదం వేస్తుంది, పాదమని ఏముంది వాటికి, ఒంట్లోంచే కొంచెం ముందుకి జాపుతుంది, మెత్తటి గోడని పట్టుకుంటుంది, వెనక భాగాన్ని లాక్కుంటుంది. పక్కదాన్ని వదలదు. ఒకటి కదిలితే అన్నీ కదలాలి. అవతలి ఒడ్డునుంచి అలాగే ఇంకోటి. సరస్సుకి ఇటు ఒడ్డూ అటు ఒడ్డూ. మంచు గడ్డకట్టేది కూడా అంచులనుంచే, నడిమధ్యన ఆఖరున, నల్లగా ఒక మడుగు మిగులుతుంది, చిన్నప్పుడు నాన్న, ఇంకా నడవకూడదు దానిమీద, ఇంకొక్క రోజు, పడవలో తెడ్లు పైకి, నీళ్ళు కారుతూ, అడగడంలో తప్పేం లేదు, పలక గోడ ఎక్కిందా, మన్సిక్కి మొహం తిప్పి చూస్తోంది, చూడకు, చూడకు, పార చప్పుడు, ఎవరో మంచు ఎత్తి పోస్తున్నారు, పొయ్యనీ.

వెలుతురు మొహం మీద పడుతోంది. పలక గచ్చు దాటి, బూట్ల అర దాటి, గోడ దాటి, ఎక్కడెక్కడో తిరిగి ఆమె మీదికి వచ్చింది. ఒంటిమీద ఎర్రకోటు కప్పి ఉంది, కుక్క వాసన, పిర్యోది. మెడ పట్టేసింది. ముందు ఎక్కడున్నానో తెలియలేదు, తర్వాత తెలిసింది. లేచేసరికి కోటు కిందపడింది. వరండాలోకి తెరుచుకునే తలుపు దగ్గర కుర్చీ వేసుకుని పిర్యో కూర్చుని ఉంది, ఇటు వీపు పెట్టి, ఎవరినీ రానివ్వకుండా, ఫోను ఒళ్ళో పెట్టుకుని. "ఎంతసేపైంది?" "చాలాసేపే." "గంట దాటిందా?" "గంటా? భోజనాల వేళ కావస్తోంది." "నన్ను లేపలేదేం? యూర్కి..." "యూర్కి రెండుసార్లొచ్చాడు. కళ్ళతోనే తరిమేశాను. ముందు వేరేవాళ్ళ ఆపరేషన్ చేసుకోమన్నాను, చేసుకుంటున్నాడు." "రైమో?" "ఆకలేస్తోందట. నువ్వు నిద్రపోతున్నావని చెప్పాను. పడుకోనీ, నేనేం ఎక్కడికీ పోవడం లేదు అన్నాడు. అని వాడూ నిద్రపోయాడు." పిర్యో ఇటు తిరిగింది. "నిన్ను లేపితే నువ్వు తలుపు తీస్తావు కదా సినిక్కా. ఇంకా కాసేపు, ఇంకా కాసేపు అనుకుంటూ కూర్చున్నాను. ఈ ఏడాదిలో నువ్వు నిద్రపోగా చూడ్డం ఇదే. సరిగా చూడలేదులే. అటు తిరిగే కూర్చున్నా."

బూట్లు విప్పింది. కాళ్ళు ఎత్తి అటు తిప్పింది, తెల్ల చెప్పులు, తెల్ల అంగీ, టోపీ, మూతికి గుడ్డ, చేతికి తొడుగులు. చేతులు వాటికవే చేశాయి. లోపలి గది, పెట్టె తలుపు, తడివెచ్చని గాలి మొహానికి తగిలింది, గిన్నె తీసింది, నారింజరంగు, మంచి రంగు, మైక్రోస్కోపు కింద పెట్టి కళ్ళు ఆనించింది. చిల్లు ఎక్కడుంటుందో ఆమెకి కంఠతా వచ్చు. పొరలో ఒక సన్నటి మడత ఉంది, ఆ మడత వెంబడి పోతే ఒక నల్ల చుక్క, ఆ చుక్కకి కుడివైపు. పోయింది. మడత, చుక్క, కుడివైపు. మొక్కజొన్న గింజల్లా ఒరుసుకుని చిన్న చిన్న కణాలు. దారి తప్పానేమోనని మళ్ళీ మడత దగ్గర మొదలుపెట్టింది. కణాలు. గిన్నె మారిందేమోనని మూత చూసింది, రైమో పేరే ఉంది, తన చేతిరాతే. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి, ఇల్లంతా చీపురు పట్టినట్టు మూలమూలా వెతికింది. చిల్లు దొరకలేదు. ఇన్నాళ్ళు పక్కలో పెట్టుకుని పడుకున్న చిల్లు, ఎంత వెతికినా దొరకలేదు. కళ్ళద్దాలు మసకబారాయి, తుడుచుకోవడానికి వీల్లేదు తొడుగులతో, అలాగే నిలబడింది.

గోడమీద ఫోను మోగింది. మోచేత్తో నొక్కింది. యూర్కి గొంతు గదంతా వినపడింది. "చూశావా? సినిక్కా, పూడిందా?"

నోట్లో ఎప్పటి మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, పూడినట్టే ఉంది, పూడలేదని అనలేం, నా కళ్ళకైతే ఏమీ కనపడలేదు. వాళ్ళమ్మ మాటలు, వాళ్ళ సరస్సు మాటలు.

"పూడింది" అంది.

"ఏమన్నావు?"

"పూడింది యూర్కి. మొత్తం పూడింది. రైమోని లేపు."

యూర్కి ఇంకేదో అన్నాడు, ఫోను ఆగిపోయింది. గిన్నె మీద మూత పెట్టింది. రెండు చేతులా ఎత్తుకుంది, పిర్యో తలుపు పట్టుకుని ఉంటుంది, అక్కడిదాకా ఎనిమిది పది అడుగులు, తొణక్కుండా నడవాలి. ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ తర్వాత మూతిగుడ్డ వెనక, అడిగినవాడు లేని ఆ గదిలో, ఇంకోసారి అంది.

"అవును."